కెదా వరిచేలలో జకాత్ లెక్క

మలేషియా దేశపు వాయవ్య కొసన, థాయిలాండ్ సరిహద్దుకు ఆనుకొని, కెదా రాష్ట్రం ఉన్నది. ఆ దేశస్థులు దానిని తమ ధాన్యాగారమని పిలుచుకుంటారు. రాజధాని అలోర్ సెతార్ పట్టణం నడిబొడ్డున నల్లని గుంబదులతో జహీర్ మసీదు నిలిచి ఉంటుంది. 1912లో పునాది పడి 1915లో ప్రారంభమైన ఈ మసీదును, 1821లో సయాం సేనలతో పోరాడి నేలకొరిగిన కెదా వీరుల సమాధి స్థలంలో నిర్మించారు. దాని ప్రధాన గుంబదులు అయిదు. ఇస్లాం అయిదు మూలస్తంభాలకు అవి సంకేతాలని అక్కడివారు చెబుతారు. మిగిలిన నాలుగింటి మాట ఎలా ఉన్నా, జకాత్ అనే గుంబదు చుట్టూ మాత్రం ఈ వరిచేలలో ఒక సుదీర్ఘమైన, నిశ్శబ్దమైన వివాదం నడిచింది. దాని జాడలు చూడాలన్న కోరికే నన్ను గత రమజాన్‌లో అంత దూరం తీసుకువెళ్ళింది.

ఒకే మసీదులో ఒకే వరుసలో నిలబడి నమాజు చేసే ఇద్దరిలో ఒకరు జకాత్‌ను పైసాతో సహా లెక్కగట్టి చెల్లిస్తారు. మరొకరు ఏటేటా “చూద్దాం” అంటూ దాటవేస్తారు. మన ఖుత్బాలలో దీనికి సాధారణంగా వినబడే సమాధానం ఈమాన్ బలం, ఈమాన్ బలహీనత. అది నిజమే, పునాది అదే. కాని ఒక చేతికి ఇవ్వడానికి వెనుకాడిన మనిషే ఇంకొక చేతికి సంతోషంగా ఇవ్వటం మనమందరమూ చూచినదే. అతని ఈమాన్ ఆ రెండు గడియల మధ్య మారిపోలేదు కదా! మరి మారినదేమిటి?

ముందుగా కౌలాలంపూర్ సంగతి చెప్పాలి. నా అక్క కుమారుడు ఆ నగరంలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. రేపల్లెలో పుట్టి, గుంటూరులో చదివి, ఆరేళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్నాడు. రమజాన్‌లో కొన్నాళ్ళు తనతో గడపమని ఎన్నోసార్లు పిలిచాడు. గోంబక్, క్లాంగ్ నదులు కలిసే చోట 1909లో కట్టిన జామె మసీదులో జుహర్ నమాజు చేశాను. కంపుంగ్ బారూ పేటలోని మసీదు దగ్గర అసర్ తరువాత మాంసం, మసాలాలు వేసి కాచిన గంజిని ఉచితంగా పంచుతుంటే, అన్ని రకాల మనుషులూ వరుసలో నిలబడటం చూచాను. మన హలీం వలె ఆ గంజికి అక్కడ పెద్ద పేరు.

ఆ నగరంలో జకాత్ చెల్లించటం ఎంత తేలికో చూచి ఆశ్చర్యపోయాను. మలేషియాలో ధార్మిక వ్యవహారాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చూసుకుంటుంది. జకాత్ ఎగవేత అక్కడి రాష్ట్రాల ఇస్లామీయ చట్టాల ప్రకారం నేరం కూడా. కౌలాలంపూర్ మొదలైన సమాఖ్య ప్రాంతాల ధార్మిక మండలి 1991లో జకాత్ వసూలు కేంద్రం ఒకటి నెలకొల్పింది. జీతం నుండి నెలనెలా మినహాయించుకోమని ఉద్యోగి రాసిస్తే చాలు, మిగిలినది కార్యాలయమే చూసుకుంటుంది. బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా, కౌంటరు దగ్గర, ఎలాగైనా చెల్లించవచ్చు. రమజాన్‌లో ఫిత్రా వసూలుకు మసీదుల వాకిళ్ళలో బల్లలు వేసుకొని ఆమిల్‌లు కూర్చుంటారు. అన్నింటికీ రసీదు ఉంటుంది. ఆ రసీదుకు విలువ కూడా ఉంది. వ్యక్తి చెల్లించిన జకాత్ మొత్తాన్ని అతడు ప్రభుత్వానికి కట్టవలసిన ఆదాయపు పన్ను నుండి రింగిట్‌కు రింగిట్ చొప్పున తగ్గిస్తారు. పన్ను వెయ్యి, జకాత్ ఏడు వందలు అయితే ప్రభుత్వానికి కట్టవలసినది మూడు వందలే.

“పన్ను తగ్గుతుందని ఇచ్చేది ఇబాదత్ ఎలా అవుతుంది?” అని నేను అడిగాను. మా మేనల్లుని పక్కింట్లో ఒక మలయ్ సోదరుడు ఉన్నారు. బ్యాంకు ఉద్యోగి, నలభై అయిదేళ్ళ మనిషి. ఇఫ్తార్‌కు మమ్మల్ని పిలిచి, ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరుపుతూ ఆయన చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది. “మొదటిసారి నన్ను ఆ కౌంటరు దాకా నడిపించింది రాయితీయే. దాచుకోవటం ఎందుకు? కాని మొదటి రసీదు తీసుకొన్న రోజున అక్కడి ఉద్యోగి నా చెయ్యి పట్టుకొని దుఆ చేశాడు. నా కోసం, నా సంపద కోసం, నా దగ్గర మిగిలినదానిలో శుభం కోసం. పన్ను కార్యాలయంలో నా కోసం ఇంతవరకు ఎవరూ దుఆ చేయలేదు.”

ఆ దుఆ ఉద్యోగి సొంత మర్యాద కాదు. విశ్వాసుల సంపద నుండి సదఖా తీసుకొని వారి కోసం ప్రార్థించమనీ, ఆ ప్రార్థన వారికి మనశ్శాంతి నిస్తుందనీ అల్లాహ్ తన ప్రవక్త (స)ను ఆదేశించిన సంగతి తౌబా సూరా 103వ ఆయతులో ఉన్నది. తీసుకొనేవాడు ఇచ్చేవాని కోసం ప్రార్థించాలన్న ఈ నియమాన్ని మన దగ్గర ఎంతమంది పాటిస్తున్నారు? చందా పుస్తకం చించి ఇచ్చి, మరొక ఇంటి తలుపు తట్టడానికి పరుగెత్తటమే నేను ఎక్కువగా చూచాను.

ఆ సోదరుని స్వస్థలం కెదా. అలోర్ సెతార్‌కు కొంత దూరంలో ఆయన తండ్రి ఇప్పటికీ వ్యవసాయం చేస్తున్నారు. కెదా జకాత్ గురించి నాకున్న ఆసక్తి విని, వారాంతంలో తమ ఊరికి రమ్మని ఆహ్వానించారు. కౌలాలంపూర్ నుండి ఎలక్ట్రిక్ రైలులో సుమారు అయిదు గంటల ప్రయాణం. పామాయిల్ తోటలు, రబ్బరు తోటలు, సున్నపురాతి గుట్టలు దాటి, జెరాయ్ పర్వతం ఎడమ చేతి వైపు వెనుకబడగానే నేల ఒక్కసారిగా చదునైపోతుంది. కిటికీలోంచి కంటికి ఆనినంత మేరా వరి. కాలువలు, గట్లు, కొంగలు, అక్కడక్కడ కొబ్బరి చెట్ల గుంపులో ఒక సూరావ్, అంటే చిన్న నమాజు మందిరం. ఆ ఒక్కటీ లేకపోతే తెనాలి దాటి రేపల్లె వైపు పోతున్నామనే అనుకొనేవాణ్ణి.

ఈ మైదానానికి నీరిచ్చేది ముదా సాగునీటి పథకం. ముదా, పెదూ ఆనకట్టల నీటితో 1970 తరువాత ఇక్కడ ఏటా రెండు పంటలు పండటం మొదలైంది. సుమారు 96 వేల హెక్టార్ల భూమి. పంట రెట్టింపయింది కనుక జకాత్ కూడా రెట్టింపు కావలసి ఉంది. అలా జరుగలేదు.

ఎందుకు జరుగలేదో మనకు తెలియడానికి కారణం ఒక బయటివాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ స్కాట్ అనే పండితుడు 1978 నుండి 1980 వరకు ఈ మైదానంలోని ఒక గ్రామంలో నివసించాడు. డెబ్బైకి పైగా కుటుంబాలున్న ఊరు. గ్రామస్థుల గుట్టు కాపాడటానికి దాని అసలు పేరు దాచి సెదాకా అని మారుపేరు పెట్టాడు. మలయ్ భాషలో అది మన సదఖాయే. ఆయన ముస్లిం కాదు. ధర్మబోధ ఆయన పని కాదు. పేద రైతులు తమ అసమ్మతిని పెద్దలకు తెలియకుండా ఎలా తెలుపుకుంటారన్నది ఆయన పరిశోధన. ఆ ఊరి జకాత్ మీద 1987లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. అధికారిక లెక్క ప్రకారం ఆ ఊరి వరి మీద రావలసిన జకాత్‌లో వాస్తవంగా చేరుతున్నది 15 శాతమేనని ఆయన తేల్చాడు.

కెదాలో జకాత్ వసూలును 1955లో చట్టం చేసి రాష్ట్ర రాజధానిలో కేంద్రీకరించారు. అంతకు ముందు గ్రామంలోనే ఇచ్చిపుచ్చుకొనేవారు. చట్టం వచ్చిన తరువాత ఊరికొక ఆమిల్‌ను నియమించి, రైతు సాగు చేసే భూమిని నమోదు చేసి, పంట రాగానే వడ్లు గాని డబ్బు గాని తీసుకొని అలోర్ సెతార్‌కు పంపటం మొదలైంది. దీనికి రైతులు పెట్టుకొన్న పేరు జకాత్ రాజా, అంటే సర్కారు జకాత్. దానికి వ్యతిరేకంగా ఎవరూ ఊరేగింపు తీయలేదు, అర్జీ పెట్టలేదు. అయిదెకరాలు దున్నేవాడు మూడే అని రాయించేవాడు. తడిసిన వడ్లు, తాలు, గడ్డి, అక్కడక్కడ రాళ్ళు కలిపిన బస్తాలు ఆమిల్ గుమ్మం ముందు దించేవారు. కొందరు అసలు నమోదే చేయించుకోలేదు. ఆమిల్ కూడా ఆ ఊరివాడే కనుక చూచీ చూడనట్లు ఊరుకొనేవాడు.

ఇంతవరకు చదివి “ఎంత మోసం!” అనిపించవచ్చు. తడిసిన వడ్లను అల్లాహ్ హక్కుగా తూచటాన్ని నేను సమర్థించబోవటం లేదు. మీరు కళ్ళు మూసుకొని గాని పుచ్చుకోని పనికిమాలిన వస్తువులను దానానికి ఎన్నుకోవద్దని బఖరా సూరాలో స్పష్టమైన ఆదేశమే ఉంది. కాని కథలో రెండవ సగం కూడా ఉంది. ఇదే రైతులు జకాత్ రాజాకు ఎగవేస్తూనే జకాత్ పెరిబడి, అంటే తమ చేతితో తాము ఇచ్చే స్వంత జకాత్‌ను మాత్రం ఇస్తూ వచ్చారు. ఊరి వితంతువుకు, బీద బంధువుకు, మసీదుకు, ఇమాముకు, అందరికన్నా ముఖ్యంగా తమ చేలో కోత కోసిన, నూర్చిన కూలీలకు కొలిచి ఇచ్చేవారు. అది ఏ రిజిస్టరులోనూ లేదు. కనుక 15 శాతం అనేది ఆ రైతుల ధర్మనిష్ఠకు కొలత కాదు. అలోర్ సెతార్ మీద వారికున్న నమ్మకానికి కొలత.

మా ఆతిథేయుని తండ్రి డెబ్బై ఎనిమిదేళ్ళ వృద్ధుడు. అక్కడి పద్ధతిలో నేనూ ఆయనను పాక్ చిక్ అనే పిలిచాను. చిన్నాన్న వంటి పిలుపు. స్తంభాల మీద నిలిపిన చెక్క ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, ఆనాటి సంగతులు కొడుకు అనువదిస్తుండగా ఓపికగా చెప్పారు. “మా ఆమిల్ నా భార్యకు వరుసకు అన్న. ఆయన నా వడ్లను కాటా పెట్టి తూస్తాడా?” అని నవ్వారు. తరువాత నవ్వు ఆపి అన్నారు: “బండి మా ఊరి నుండి నిండుగా వెళ్ళేది. ఖాళీగా కూడా తిరిగి వచ్చేది కాదు. మా ఊరి బీదవాడు బీదవాడుగానే ఉండేవాడు. ఇంకొకటి. జీతగాళ్ళ దగ్గర, దుకాణదారుల దగ్గర ఎవరూ అడగలేదు. ఆఫీసరు జీతం గట్టు మీద కనబడదు. నా వడ్లు కనబడతాయి. కనబడేవాడే ఇవ్వాలా?”

ఆ ముసలాయన ఫిఖ్హ్ గ్రంథాలు చదవలేదు. కాని ఆయన అన్న రెండు మాటలూ మన పూర్వ పండితులు తర్జనభర్జన పడిన విషయాలే.

మొదటిది, ఊరి జకాత్ ఊరు దాటవచ్చునా అన్నది. దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)ను యమన్‌కు పంపుతూ, అక్కడి ధనికుల నుండి తీసుకొని అక్కడి పేదలకే తిరిగి ఇవ్వమని చెప్పారు. ఇమాం అబూ ఉబైద్ తన కితాబుల్ అమ్వాల్‌లో దీని తరువాతి ఘట్టం నమోదు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ముఆజ్ (రజి) యమన్ జకాత్‌లో మూడవ వంతు మదీనాకు పంపారు. ఉమర్ (రజి) సంతోషించలేదు సరికదా, నిన్ను పన్నులు పోగుచేయడానికి పంపలేదని ఆక్షేపించారు. ఇక్కడ పుచ్చుకొనేవాడు దొరికి ఉంటే పంపేవాడిని కానని ముఆజ్ (రజి) జవాబిచ్చారు. మరుసటి ఏడు సగం, ఆ మరుసటి ఏడు మొత్తం జకాత్ మదీనా చేరింది. ఇద్దరి మధ్యా అదే ప్రశ్న, అదే జవాబు. ఒక పాలకుడు ఖజానాకు సొమ్ము వస్తుంటే, అది ఎవరి నోటి ముందు నుండి వచ్చిందని నిలదీయటం చరిత్రలో అరుదు. కెదా రైతు అడిగినది కూడా అంతకన్న ఎక్కువ కాదు.

రెండవది, కనబడే సంపద, కనబడని సంపద. పంటలు, పశువులు మొదటి కోవలోనివి. వెండి, బంగారం, నగదు రెండవ కోవలోనివి. కనబడేదాని జకాత్‌ను ప్రభుత్వం వసూలు చేసేది. కనబడనిదానిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలం నుండి యజమానుల మనస్సాక్షికే వదిలారని హనఫీ పండితులు రాశారు. మనుషుల పెట్టెలు వెదికి చూడటం వారికి ఇష్టం లేకపోయింది. ఆ సున్నితత్వం గొప్పదే. కాలం మారి, సంపదలో పెద్ద భాగం పొలం నుండి బ్యాంకుకు చేరిన తరువాత, ఆ విభజన బీద రైతు మీదనే బరువుగా పడింది. ఈ లోపాన్ని మలేషియా పండితులు గుర్తించి, జీతాల మీది జకాత్‌కు ఫత్వాలు ఇచ్చారు. ఈనాడు నగరాలలో వసూలయ్యే జకాత్‌లో జీతాల వాటాయే పెద్దది. బ్యాంకు ఉద్యోగియైన కొడుకు నెలనెలా చెల్లిస్తున్నాడని తెలిసిన తరువాతనే తన మనసు కుదుటపడిందని పాక్ చిక్ చెప్పారు. “ఇప్పుడు రిజిస్టరులో నేనొక్కణ్ణే లేను” అన్నారు.

బలవంతం వల్ల పని జరిగేటట్లయితే పాకిస్తాన్‌లో జరిగి ఉండాలి. అక్కడ 1980లో జకాత్, ఉష్ర్ శాసనం తెచ్చి, రమజాన్ మొదటి రోజున పొదుపు ఖాతాలలో నుండి రెండున్నర శాతం కోసుకొనే ఏర్పాటు చేశారు. షాబాన్ ఆఖరి రోజులలో బ్యాంకుల ముందు డబ్బు వెనక్కు తీసుకొనేవారి వరుసలు కట్టటం అక్కడ ఆనవాయితీ అయిపోయింది. వారందరూ జకాత్ ఎగవేతదారులు కారు. చాలామంది ఆ డబ్బుతోనే తమ చేతులారా జకాత్ ఇచ్చుకొన్నారు. ప్రభుత్వం తీసుకొనటమే వారికి నచ్చనిది.

అలాగని అంతా స్వంత చేతులతోనే జరగాలా? ఇక్కడే కెదా నాకు మరొక పాఠం చూపింది. అది కొంచెం చేదుగా ఉంది.

1970ల చివర ముదా మైదానంలోకి కోత యంత్రాలు వచ్చాయి. 1980 నాటికి సుమారు 80 శాతం పంటను అవే కోశాయి. కొడవలి పట్టినవారు, నూర్పిడి చేసినవారు ఒక్కసారిగా పనిలేనివారయ్యారు. కూలి పోవటంతో పాటు ఇంకొకటి కూడా పోయింది. కోత అయిన తరువాత రైతు వారికి కొలిచి ఇచ్చే జకాత్ పెరిబడి. రైతు ఈమాన్ తగ్గిందా? లేదు. ఇప్పుడు అతని గట్టు మీద బీదవాడే లేడు. యంత్రం నడిపేవాడు పొరుగూరి నుండి వచ్చి, గంటలో పని ముగించుకొని వెళ్ళిపోతాడు. ఎదుట ముఖం లేనప్పుడు చెయ్యి దానంతట అది సంచిలోకి పోదు. బీదవాడు మాత్రం ఎక్కడికీ పోలేదు; రెండు వీధుల అవతల తన గుడిసెలోనే ఉన్నాడు.

తెలిసిన ముఖానికి ఇచ్చే జకాత్‌లో ఆప్యాయత ఉంది, గౌరవం ఉంది, బంధుత్వ పుణ్యం కూడా ఉంది. దాని వెలుగు మాత్రం మన చూపు ఆనినంత దూరమే. మా మేనల్లుడు ఏటా రమజాన్‌లో తన జకాత్ అంతా రేపల్లెకు పంపుతాడు. రైలులో తిరిగి వస్తూ ఆ జాబితా నాకు చూపించాడు. అయిదు ఇళ్ళు. ఆరేళ్ళుగా అవే అయిదు.

“వీళ్ళలో ఖాలా కొడుకు ఇప్పుడు దుబాయిలో బాగానే సంపాదిస్తున్నాడు కదా బేటా” అన్నాను.

“తెలుసు మామూ. కాని ఈ ఏడు ఆపేస్తే ఖాలా ఏమనుకుంటారో! ఇంకెవరికి ఇవ్వాలో కూడా నాకు తెలియదు. కౌలాలంపూర్ కౌంటరులో ఇద్దామంటే మన ఊరు గుర్తొస్తుంది. మన ఊళ్ళో కమిటీకి ఇద్దామంటే, అది ఎవరికి చేరుతుందో వాళ్ళు చెప్పరు.”

ఈ ఒక్క మాటలో మన తెలుగు ముస్లింల జకాత్ పరిస్థితి చాలా వరకు ఉంది. మనకు సుల్తాను లేడు, చట్టం లేదు, జకాత్‌కు ప్రత్యేకమైన పన్ను రాయితీ లేదు. ఇచ్చేవాడు కేవలం అల్లాహ్ భయంతో, ఆశతో ఇస్తున్నాడు. ఆ దృష్టితో చూస్తే మన ఇళ్ళ నుండి వెళ్ళే ప్రతి రూపాయీ కౌలాలంపూర్ రసీదుకన్న కల్తీ లేనిది. కాని రమజాన్‌లో మన తలుపు తట్టిన మొదటి చేతికి, లేదా అలవాటైన అయిదు ఇళ్ళకు అది పోతున్నది. తలుపు తట్టడానికి సిగ్గుపడే బీదవాని సంగతి దివ్య ఖురాన్ ప్రత్యేకంగా ప్రస్తావించింది. అడగకపోవటం వల్ల తెలియనివాడు అతన్ని ధనికుడనుకుంటాడని. అలాంటివాణ్ణి వెదికి పట్టుకోవడానికే తౌబా సూరా 60వ ఆయతులోని ఎనిమిది వర్గాలలో వసూలు చేసి పంచే సిబ్బందికి కూడా వాటా ఉన్నది. అల్లాహ్ స్వయంగా జీతం ఏర్పాటు చేసిన ఉద్యోగాన్ని మనం ఖాళీగా ఉంచుకొన్నాం.

పంట జకాత్ మాటకు వస్తే మన పరిస్థితి కెదా 15 శాతాన్ని చూచి నవ్వేటట్లు లేదు. వర్షాధారపు పంటపై పదవ వంతు, ఖర్చుతో నీరు పెట్టిన పంటపై ఇరవయ్యవ వంతు ఉష్ర్ అని మదరసాలో చదివిన ప్రతివారికీ తెలుసు. మన దేశపు భూములు ఉష్ర్ కిందికి వస్తాయా రావా అన్న పండిత చర్చ కూడా ఉంది. చర్చ సంగతి ఎలా ఉన్నా, కృష్ణా డెల్టాలో వరి పండించే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉండగా, ఉష్ర్ గురించి ఒక్క ఖుత్బా విన్న జ్ఞాపకం నాకు లేదు. నగల జకాత్ గురించి మాత్రం ఏటా వింటాను.

తిరిగి వచ్చాక, ఈద్‌కు వారం ముందు, మా మసీదులో తరావీహ్ అయిన తరువాత కెదా ముచ్చట చెబుతుంటే ఒక కౌలు రైతు లేచి లెక్క అడిగారు. మూడెకరాలు కౌలుకు చేస్తారు. ఎకరాకు ముప్పై బస్తాల చొప్పున తొంభై బస్తాలు పండాయి. అందులో కౌలు కింద నలభై అయిదు బస్తాలు భూమి యజమానికి కొలిచారు. “ఇమాం సాబ్, నేను ఇవ్వవలసింది తొంభై మీదనా, నలభై అయిదు మీదనా? అసలు నేను ఇవ్వాలా, భూమి ఉన్నాయన ఇవ్వాలా?”

ఇమాం గారు నిజాయితీగా చెప్పారు. నిర్ణీత కౌలుకు ఇచ్చిన భూమిపై ఉష్ర్ యజమానిదేనని ఇమాం అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఆయన శిష్యులిద్దరూ, ఇతర ఇమాములలో అధికులూ, పంట ఎవరిదో ఉష్ర్ వారిదే అన్నారు. ఆ రెండవ మాట ప్రకారం, కాలువ నీటికి ఖర్చు పెడుతున్నారు కనుక తొంభైకి ఇరవయ్యవ వంతు నాలుగున్నర బస్తాలు. పెట్టుబడి, కౌలు తీసివేసిన తరువాతనే లెక్కించాలని చెప్పిన పండితులూ ఉన్నారు. అలా అయితే రెండు బస్తాలు కూడా కాదు. ఆ రైతు కాసేపు వేళ్ళు మడిచి లెక్క చూచుకొన్నారు. ఎరువుల బాకీ ఇంకా ఉందని మా అందరికీ తెలుసు.

“నాలుగున్నరే ఇస్తాను” అన్నారు చివరికి. “కాని కమిటీకి ఇస్తే ఎవరికి పోతుందో నాకు తెలియాలి.”

కమిటీ కార్యదర్శి గారు ఇబ్బందిగా చూచారు. తీసుకొనేవారి పేర్లు మసీదులో చదివితే, అడగటానికి సిగ్గుపడే ఆ ఇల్లాలు మళ్ళీ మన గుమ్మం తొక్కదనీ, పరదా కాపాడటం కూడా అమానతేననీ ఆయన వాదన. అందులో తప్పు లేదు. కౌలాలంపూర్‌లో ఎంత వచ్చింది, ఏ వర్గానికి ఎంత పోయింది అన్న లెక్కలు ప్రకటిస్తారే గాని పేర్లు ప్రకటించరని నేను చెప్పాను.

“పేర్లు నాకెందుకు?” అన్నారు రైతు. “ఎన్ని ఇళ్ళకు ఇచ్చారో, ఇంటికి ఎంత ఇచ్చారో చెప్పండి. చాలు.”

కార్యదర్శి గారు కళ్ళజోడు పెట్టుకొని, పుస్తకం తెరిచి, మొదటి పుట నుండి ఇళ్ళు లెక్కపెట్టటం మొదలుపెట్టారు.